ఎల్లక్క అడిగి రమ్మన్న మాట

కన్నడ సీమలోని పావగడ తాలూకాలో దేవుళ్ల పేరున వదిలిన పొట్టేళ్లకు లెక్కలేదు. కానీ బతికి ఉండి, నెల జీతం తీసుకుంటూ, బైకు మీద తిరిగే మనిషి పేరున వదిలిన పొట్టేలు మాత్రం ఒక్కటే. ఆ మనిషి హనుమంతరాయ, తాలూకా ఆసుపత్రిలో నర్సు. ఆ పొట్టేలు తిరుమణి దారిలో, సోలార్ ప్లేట్ల కంచె పక్కనున్న పల్లెలో, ఎల్లక్క మందలో ఉంది.

నర్సంటే ఆడవాళ్లేనని అనుకునేవాళ్లు ఇంకా మిగిలే ఉన్నారు కాబట్టి, హనుమంతరాయకు మంచి మీసాలున్నాయని చెప్పి ముందుకు పోదాం. వయసు నలభై తొమ్మిది. మనసుకు జబ్బు చేసి, ఆసుపత్రి గడప తొక్కడానికి ఇష్టపడని వాళ్ల ఇళ్లకు పోయి నెలకోసారి సూది మందు వేసి రావడం అతని పని. మానసిక డాక్టరు భరత్‌కుమార్ జిల్లా నుంచి మంగళవారాలు మాత్రమే వస్తాడు. మిగతా రోజుల్లో తాలూకా మొత్తానికి ఆ శాఖంటే హనుమంతరాయా, అతని బైకూ, భుజానికి ఒక సంచీనూ. నిడుగల్లు కొండ కింద ఒకాయన, వై.ఎన్.హొసకోటలో అంగడి వెనక గదిలో ఒకావిడ, ఇట్లా ముప్పై నాలుగు మంది. ఎవరి ఇంట్లో కుక్క కరుస్తుందో, ఎవరు సూది వేసేటప్పుడు కళ్లు మూసుకోమంటారో అతనికి కంఠతా వచ్చు.

వాళ్లందరిలోకీ ఎల్లక్క అంటే అతనికి ఒక పిసరు గర్వం ఎక్కువ. తొమ్మిదేళ్ల కిందట ఆమెకు చనిపోయిన అక్క గొంతు వినిపించేది. అన్నం తినొద్దనేది ఆ గొంతు, ఇల్లు విడిచి పొమ్మనేది. సూది మొదలుపెట్టిన ఆరు నెలలకు గొంతు ఆగింది. ఎల్లక్కకు ఒళ్లు కూడింది, మందను మళ్లీ మేతకు తోలుకుపోయింది. ఆ మరుసటి ఏడే ఒక పొట్టేలు పిల్ల చెవికి పసుపు గుడ్డ కట్టి, "ఇది హనుమంతన్న పేరుది, ఎవురూ ముట్టద్దండి" అని ఊళ్లో చెప్పేసింది.

జబ్బు నయం చేసినందుకేనని ఊరంతా అనుకుంది. హనుమంతరాయ ఊరి కంటే ముందే అనుకున్నాడు. జిల్లా కేంద్రం తుమకూరు మీటింగులో ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. పొట్టేలు పక్కన నిలబడి ఫోటో దిగి ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ ఫోటో తీస్తుండగా పొట్టేలు అతని తొడ మీద ఒక్కటి కుమ్మింది. ఆ సంగతి మాత్రం ఏ మీటింగులోనూ చెప్పలేదు.

ఇట్లా హాయిగా నడుస్తుండగా ఒక మంగళవారం భరత్‌కుమార్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. బెంగళూరులో పెద్ద మానసిక ఆసుపత్రిలో మూడు నెలల శిక్షణ. జబ్బు మనుషులతో ఎట్లా మాట్లాడాలి, వాళ్లు చెప్పేది ఎట్లా వినాలి అనేది నేర్పుతారు. తాలూకాకు ఒక్కరు. పేరు శుక్రవారం లోపల పంపాలి.

"మాట్లాడేది నేర్పిస్తారంట," అన్నాడు హనుమంతరాయ ఇంటికి పోయి. "నాకి. మాట్లాడేది."

భార్య కావేరి పెనం మీద రొట్టె తిప్పుతూ, "నేర్పిస్తే మంచిదే గదా. ఈ ఇంట్లో ఇరవై రెండేండ్లుగా నేనొక్కదాన్నే మాట్లాడతాండా," అంది.

మరునాడు ఆసుపత్రిలో తలా ఒక సలహా. గుమాస్తా మల్లేశప్ప సర్టిఫికెట్ ఉంటే ప్రమోషన్ వరసలో ముందుకు వస్తావన్నాడు. మందులిచ్చే ఆయన మూడు నెలలు ఈ ఎండ తప్పుతుంది కదా, అదే చాలన్నాడు. తోటి నర్సు సవిత మాత్రం, "నీకి వద్దంటే నాకియ్యన్నా. మా మామ పొద్దున లేస్తే పలకడు, సాయంత్రమైతే ఆగడు. ఆయన కోసరమైనా నేర్చుకోవల్ల," అంది. ఆమెకు సర్వీసు చాల్లేదు. హనుమంతరాయ భరత్‌కుమార్‌కు ఫోన్ చేసి, మీరెందుకు ఈ చదువు చదివినారని అడిగితే, నిజం చెప్పాలంటే నా ర్యాంకుకు ఆ సీటే వచ్చింది, చేరినాక వదల్లేకపోయాను అని కన్నడంలో చెప్పి నవ్వాడు.

ఇవేవీ హనుమంతరాయకు తలకెక్కలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నది పైకి చెప్పిన మాట. లోపలి మాట వేరే. ముప్పై నాలుగు మందిని ఒంటి చేత్తో చూసుకునే వాణ్ణి, నా పేరున పొట్టేలును వదిలినారు, నాకొకరు నేర్పేదేముంది అని. ఈ లోపలి మాటకు మీసాలు ఇంకొంచెం పొడుగు. శుక్రవారం పొద్దున్నే వద్దని రాసిచ్చేద్దామని నిర్ణయించుకుని, గురువారం ఎల్లక్క సూది రోజు కాబట్టి బైకెక్కాడు.

దారికి రెండు పక్కలా, కంటి చూపు ఆనినంత మేర ప్లేట్లు. ఒకప్పుడు వేరుశెనగ, కంది పండిన నేల. ఎల్లక్క ఆరెకరాలూ ఆ ప్లేట్ల కిందే ఉన్నాయి, కౌలుకిచ్చింది. కొడుకు ఓబులేశ్ అక్కడే గేటు దగ్గర కాపలా ఉద్యోగం. ఎల్లక్క మాత్రం పదిహేను గొర్రెలను కంచె వెంబడి మేపుకుంటూ, అప్పుడప్పుడూ తన చేను ఎన్నో వరసలో ఉందో లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ పొద్దు కూడా కంచె నీడలో కూర్చుని ఉంది. హనుమంతరాయ పక్కన చతికిలబడి కార్డు తీశాడు.

"నిద్ర పడతాండాదా ఎల్లక్కా?"

"పడతాండాది."

"అన్నం తింటాండావా?"

"తింటాండా."

"గొంతు యేమైనా వినిపిస్తాండాదా?"

"లేదు."

మూడు గీతలు గీసి సంచీలో చెయ్యి పెట్టాడు. ఎల్లక్క అతని చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఈ నెల సూది వద్దప్పా."

"ఏమక్కా, నొప్పి చేసిందా?"

"నొప్పి కాదు. మా అక్కతో పని ఉండాది."

ఆమె చెప్పిన పని ఇది. ఓబులేశుకు, అతని భార్య రక్షితకు కూతురు పుట్టి రెండు నెలలైంది. పేరు పెట్టాలి. "మా ఇంట్లో పేర్లు పెట్టేది మా అక్కే. ఓబులేశుకి మా అక్కే పెట్టింది, మా తమ్ముని పిల్లోళ్లకీ మా అక్కే పెట్టింది. మా అక్క చెప్పకుండా యా బిడ్డకీ పేరు పెట్టలే. అంగన్‌వాడీ ఆమె వచ్చి పేరేమని అడిగితే ఎల్లక్క మనవరాలని రాసుకొని పోయింది. ఒక్క నెల సూది ఆపేస్తా. మా అక్క వస్తాది. అడిగి పెట్టించుకుంటా. మళ్ల నెల నువ్వొచ్చి ఏసెయ్."

పక్కింటికి పోయి మజ్జిగ తెస్తానన్నంత నిదానంగా చెప్పింది. హనుమంతరాయకు మాత్రం లాక్‌డౌన్ ఏడాది గుర్తుకొచ్చింది. అప్పుడు దారులు మూసి, అతనికే జ్వరం వచ్చి, రెండు నెలలు సూది తప్పింది. ఎల్లక్క ఇల్లు విడిచి నడిచి పోయింది. మూడో రోజు పావగడ కొండ మెట్ల మీద దొరికింది, తిండి లేక, అరికాళ్లు పగిలి నెత్తురు కారుతూ, అక్కతో మాట్లాడుతూ. ఓబులేశ్ వీపున మోసుకుని దించాడు. ఇప్పటికీ బస్టాండులోంచి కొండ కనపడితే హనుమంతరాయకు ఆ అరికాళ్లే గుర్తుకొస్తాయి. ఇంకోసారి పోతే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

"అట్లా ఆపకూడదక్కా. అంతా బాగయితాది," అన్నాడు.

"తొమ్మిదేండ్లుగా ఇదే చెప్తాండావు. బాగయింది, నేను కాదనలే. నేనడిగేది అది కాదప్పా. మా అక్క యాడికి పోయింది?"

నిజమే, ఈ మాట ఆమె ఏడాదికోసారైనా అడిగేది. అతను ప్రతిసారీ అంతా బాగయితాది అని సంచీ సర్దుకునేవాడు.

"అది మీ అక్క కాదక్కా. జబ్బు."

"జబ్బయితే దానికి మా అక్క గొంతు ఎట్లా వచ్చింది?"

హనుమంతరాయ మీసం దువ్వాడు. "సరే, మీ అక్కే అనుకో. అన్నం తిననీకుండా చేస్తా ఉండె, తిడతా ఉండె. పోతే మేలే గదా?"

"తిట్టినా మా అక్కే గదప్పా."

దీనికి అతని సంచీలో మందు లేదు. మాట తప్పించాలని చుట్టూ చూస్తే మందలో పసుపు గుడ్డ కనపడింది. కొమ్ములు తిరిగి, వయసు మీద పడి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా నిలబడి ఉంది అతని పొట్టేలు.

"అదో, దాన్ని చూడు. నన్ను నమ్మే గదా నా పేరున వదిలినావు. నమ్మినోడు చెప్తాండాడు, సూది ఏపించుకో."

ఎల్లక్క అతని వైపు వింతగా చూసింది. "నయం చేసినావని వదల్లేదప్పా దాన్ని."

"మరి?"

"మొక్కు తీరింటే ఎప్పుడో కోసి నీకి అన్నం పెట్టేదాన్ని గదా. తీరకుండానే కోస్తారా యాడన్నా?"

"ఏమని మొక్కినావు?"

"మా అక్క యాడుండాదో నువ్వు చెప్పిన పొద్దు అది నీది అని. పంపించినోడివి నువ్వే గదా. పంపినోడికి తెలీకుండా ఉంటాదా అనుకొంటి."

హనుమంతరాయ ఈ నేల మీద పుట్టినవాడే. మొక్కిన పొట్టేలు మందలో బతికి తిరుగుతోందంటే మొక్కు తీరలేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎనిమిదేళ్లు అది కళ్ల ముందే గడ్డి తింటూ ముసలిదైంది, అతను దాని పక్కన నిలబడి ఫోటోలు దిగాడు. తుమకూరు చప్పట్లు చెవుల్లో మళ్లీ మోగాయి. చెవులు కాలిపోయేటంత సిగ్గేసింది. ఆమె తన నుంచి ఒక్క మాట కోసం ఎనిమిదేళ్లు ఎదురు చూసింది, తాను ఆ పొట్టేలును మెడలో దండ అనుకున్నాడు.

అంతా బాగయితాది అనబోయి నోరు మూసుకున్నాడు. "నాకి తెల్దక్కా," అన్నాడు.

"తెల్దా?"

"తెల్దు."

ఎల్లక్కకు కోపం వస్తుందనుకున్నాడు. ఆమె మోకాళ్ల చుట్టూ చేతులు సడలించి, కంచెకు వీపు ఆనించింది. "మొదులే చెప్పింటే అయిపోయేది గదా. నేను నువ్వు దాస్తాండావేమో అనుకొంటి," అంది. ఆ పైన, "తెలిసినోళ్లు యాడన్నా ఉండారా?" అని అడిగింది.

"బెంగళూరులో ఇట్లాంటివి చెప్పిస్తారంట. మూడు నెల్లు. నన్ను రమ్మన్నారు. నేను పోనంటి."

"ఎందుకు?"

హనుమంతరాయ ఊళ్లో అందరికీ చెప్పిన సామెత ఆమెకు చెప్పలేకపోయాడు. "ఈ వయసులో పోయి నాకి తెల్దని కూచునేదానికి సిగ్గయింది," అన్నాడు.

"దాంట్లో సిగ్గేముండాది? ఇప్పుడు నాకాడ చెప్పినావు గదా, ఆడా చెప్పు. పోయి అడిగి రాప్పా. నువ్వొచ్చేదాకా సూది ఏపించుకుంటా. మూడు నెల్లు పాపకి పేరు ఆగుతాది. ఎవురిని పంపిస్తావు?"

"సవితని."

"చెయ్యి చల్లగా ఉండకూడదని చెప్పు," అని ఎల్లక్క భుజం చూపించింది. హనుమంతరాయ తొమ్మిదేళ్లలో ఎన్నడూ లేనంత జాగ్రత్తగా సూది వేశాడు.

శుక్రవారం భరత్‌కుమార్‌కు ఫోన్ చేసి పోతానన్నాడు. డాక్టరు సంతోషించి, మనసెందుకు మారిందని అడిగాడు. ప్రమోషనా, చల్లగాలా? ఒకరు ఒక మాట అడిగి రమ్మన్నారు సార్, అన్నాడు హనుమంతరాయ. డాక్టరుకు అర్థం కాలేదు గానీ పేరు పంపేశాడు. కావేరి రొట్టెలు, చింతకాయ తొక్కు మూటకట్టి ఇచ్చి, మాట్లాడేది నేర్చుకున్నాక మొదట ఇంటికి ఫోన్ చెయ్యమంది.

బెంగళూరులో తరగతికి ఇరవై రెండు మంది. చెప్పే మేడం శకుంతలకు అరవై దాటి ఉంటాయి, తల మొత్తం తెలుపు. మొదటి రోజు ఒక్కొక్కరూ ఎందుకు వచ్చారో చెప్పమంది. ఒకాయన ప్రమోషన్ అని దాచకుండా చెప్పాడు. ఒకామె తన తమ్ముడికి ఇదే జబ్బు, ఇంట్లో వాళ్లు కట్టేసినప్పుడు తాను చిన్నది, ఏమీ చెయ్యలేకపోయింది, అందుకని అంది. ఇద్దరు పై అధికారి పొమ్మంటే వచ్చామన్నారు. హనుమంతరాయ లేచి, తన పేషెంటు ఒక ప్రశ్న ఇచ్చి పంపిందన్నాడు. అందరూ నవ్వారు. అతను ప్రశ్న చెప్పాడు. నవ్వు ఆగింది.

మేడం, "ఆ అక్క పేరేమిటి?" అని అడిగింది.

హనుమంతరాయకు తెలియదు.

"ఎట్లాంటి మనిషి? ఎట్లా పోయింది?"

తెలియదు. తొమ్మిదేళ్ల కార్డులు కళ్ల ముందు తిరిగాయి. నెలకొక గీత, గొంతు ఉంది, గొంతు లేదు. ఆ గొంతు ఎవరిదో అడగడానికి కార్డులో గడి లేదు, అతనికి తోచనూ లేదు.

"అయితే దీనికి జవాబు నా దగ్గర లేదు," అంది మేడం. "మీ దగ్గరా లేదు. ఆమె దగ్గర ఉందేమో, అడిగి చూడండి."

ఇంత దూరం బస్సెక్కి వచ్చింది ఈ మాటకా అని ఆ పూట అతనికి ఒళ్లు మండింది. కానీ ఉన్నాడు. రెండు వారాలు నేర్పించింది ప్రధానంగా ఊరికే ఉండటం. ఎదుటి మనిషి పది నిమిషాలు చెబుతుంటే ఓదార్చకుండా, సలహా ఇవ్వకుండా కూర్చోవాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, వినడం ఇంత కష్టమని హనుమంతరాయ ఏనాడూ అనుకోలేదు. మొదటిరోజు నిమిషం తిరక్కముందే అంతా బాగయితాది అనేసి తరగతిని నవ్వించాడు. రెండో వారానికి ఎనిమిది నిమిషాలు ఓపిక పట్టాడు. అతనికి అది నచ్చడం మొదలైంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ముందు బెంచీలో కూర్చుని, నాకు తెలీదు మేడం అనడంలో ఒక సుఖం ఉంది, అది ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

మూడో ఆదివారం పొద్దున టిఫిన్ తిని, హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఓబులేశ్‌కు ఫోన్ చేశాడు. సవిత వచ్చి సూది వేసి పోయిందని ఓబులేశ్ చెప్పి, ఫోను తల్లికిచ్చాడు. గొర్రెల అరుపులు వినపడ్డాయి. ఎల్లక్క ఫోను పట్టుకుని దొడ్డి వైపుకు పోయినట్టుంది.

"అడిగినావా అప్పా?"

"అడిగినా ఎల్లక్కా. ముందు నిన్నే అడగమన్నారు. మీ అక్క పేరేంది? ఎట్లాంటి మనిషి?"

అవతల మాట లేదు. హనుమంతరాయ నోరు మెదపలేదు. ఒక గొర్రె దగ్గింది.

"ఆ పేరు ఎత్తకూడదంట గదప్పా," అంది ఎల్లక్క చివరికి, గొంతు తగ్గించి. "నేను అక్క అంటే చాలు, జబ్బు తిరగబడిందని ఓబులేశు నీకి ఫోను చేస్తాడు. అట్లా చెయ్యమని నువ్వే చెప్పినావంట."

చెప్పాడు. మొదటి సూది వేసిన రోజు, గడపలో నిలబడి, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ చెప్పాడు. అక్క గురించి మాట్లాడిందంటే వెంటనే నాకు చెప్పండి, మాట్లాడనివ్వద్దండి అని. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లు ఆ మాటను మందు చీటీలా పాటించారు. చచ్చిపోయిన మనిషిని ఇంట్లో మళ్లీ ఒకసారి చంపింది తన మాటేనని హనుమంతరాయకు అప్పుడు తెలిసింది. కళ్లు చెమ్మగిల్లాయి, తుడుచుకోలేదు.

"చెప్పినా ఎల్లక్కా. తప్పు చెప్పినా," అన్నాడు. "ఇప్పుడు నేనే గదా అడుగుతాండేది. చెప్పు. నాకి ఈపొద్దు వేరే పని లేదు."

"నిజంగానా?"

"నిజంగానే."

"మారక్క," అంది ఎల్లక్క. మళ్లీ అంది, ఈసారి మామూలు గొంతుతో. "మా అక్క పేరు మారక్క. ఎడం చేతి వాటం. కొడవలి ఎడం చేత పట్టుకొని కోస్తాంటే పక్కన ఎవురూ నిలబడే వాళ్లు కాదు. నాకి నాలుగేండ్లప్పుడు అమ్మ పోతే నన్ను సాకింది ఆమే. పేరు పెట్టేటప్పుడు ఊరికే పెట్టేది కాదప్పా. బిడ్డని ఒళ్లో ఏసుకొని, ఒక పూటంతా మాట్లాడకుండా మొగం చూస్తా ఉండేది. గొర్రెపిల్లలకీ అట్లే..."

హనుమంతరాయ వింటున్నాడు. ఎండ మెట్ల మీదికి వచ్చింది, జరిగి కూర్చున్నాడు. ఎల్లక్క, వేరుశెనగ చేలో అక్కను పాము కరిచిన రోజు దాకా వచ్చి, అక్కడ కాసేపు ఏడ్చి, ముక్కు చీది, మళ్లీ వెనక్కి పోయి అక్క పెళ్లి సంగతి ఎత్తుకుని నవ్వింది. అతను ఒక్క మాటకూ అడ్డం రాలేదు. గంటకు పైనే అయింది.

అప్పుడు ఫోనులో ఓబులేశ్ గొంతు వినపడింది, భయంతో. "ఎవురి సంగతిమా చెప్తాండావు?"

"మీ పెద్దమ్మ సంగతి. హనుమంతన్న అడిగినాడు," అంది ఎల్లక్క. "నువ్వూ కూచో. రక్షితని పాపని ఎత్తుకొని రమ్మను. ఆ బిడ్డని కూడా నా ఒళ్లో ఏయండి, విననీ."